ఒకే ముసలావిడ, రెండు వాంగ్మూలాలు

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

అమెరికా అంతర్యుద్ధం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష చక్కగా నడిచింది. కానీ "యుద్ధానికి కారణం బానిసత్వమని కొందరు, రాష్ట్రాల హక్కులని కొందరు అంటారు" అని రాసి చేతులు దులుపుకున్నావు. ఆ కొందరు ఎవరు? ఎప్పుడన్నారు? అది చెప్పకపోతే రచ్చబండ దగ్గర రాజీ కుదిర్చినట్టే ఉంటుంది.

అలెగ్జాండర్ స్టీఫెన్స్‌నే తీసుకో. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సమాఖ్యకు ఉపాధ్యక్షుడు. 1861 మార్చి 21న సవాన్నాలో, నల్లవాడు తెల్లవాడికి సమానం కాడనీ, తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి ఆ సూత్రమేననీ నిండు సభలో చాటాడు. ఓడిపోయాక రెండు లావుపాటి సంపుటాలు రాసి, గొడవంతా రాజ్యాంగం గురించేనన్నాడు. క్లాసులో ఈ రెండూ చదివించి, బోర్డు మీద తేదీలు రాసేవాణ్ణి. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా మిగిలేది కాదు.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. 1930ల చివర్లో ప్రభుత్వ పథకం కింద, ఒకప్పుడు బానిసలుగా బతికిన రెండు వేల మందికి పైగా వృద్ధుల మాటలు రాసి పెట్టారు. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో సూసన్ అనే ముసలావిడ దగ్గరికి ఇద్దరు విడివిడిగా వెళ్లారు. ఇంటిపేరు ఒకరు హామ్లిన్ అని రాసుకుంటే, ఇంకొకరు హామిల్టన్ అని రాసుకున్నారు. జెస్సీ బట్లర్ తెల్లావిడ. ఆమెతో సూసన్ తన యజమాని మంచివాడంది. నల్లజాతివాడైన ఆగస్టస్ లాడ్సన్‌తో మాత్రం కొరడా దెబ్బల గురించీ, బిడ్డల్ని అమ్మేస్తుంటే గుండెలు బాదుకున్న తల్లుల గురించీ చెప్పింది.

నేనైతే లాడ్సన్ రాసుకున్నదాన్నే ఎక్కువ నమ్ముతాను. బట్లర్‌ని చూసి సూసన్ వెల్ఫేర్ ఆఫీసు మనిషి అనుకుంది మరి. సాయం కోసం ఎదురుచూసే పేదరాలు అలాంటి మనిషి ముందు పాత దొరల్ని తిడుతుందా? అలాగని బట్లర్ కాగితాన్ని పారేయకు. బానిసత్వం గురించి అది చెప్పేది తక్కువే కానీ, 1937 నాటి చార్ల్‌స్టన్‌లో ఒక నల్ల ముసలావిడ ఎంత ఆచితూచి మాట్లాడాల్సి వచ్చేదో దాంట్లోనే కనిపిస్తుంది. రెండింటినీ కలిపి సగటు తీసి, "యజమాని కొంత మంచివాడు, కొంత చెడ్డవాడు" అని మాత్రం రాయకు. అలాంటి యజమాని ఆ రెండు కాగితాల్లో ఎక్కడా లేడు.

ఇక యుద్ధం ముగిశాక దక్షిణాదిని తిరిగి దేశంలో కలుపుకుని, విముక్తులైన నల్లవాళ్లకు హక్కులిచ్చిన 1865–77 పునర్నిర్మాణ కాలానికి ఒక్క పేరాతో సరిపెట్టావు. అందులోనూ నల్లవాళ్లకు పాలన చేతకాలేదన్న పాత పాటే. అది కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్రకారుడు డన్నింగ్, ఆయన శిష్యులు కట్టిన పాట. 1935లోనే నల్లజాతి చరిత్రకారుడు డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ దాని దుమ్ము దులిపాడు. దక్షిణాదిలో అందరికీ ప్రభుత్వ ఖర్చుతో చదువు అన్న ఆలోచన నల్లవాళ్లదేనని వాదించాడు. ఆయన్ని చదివి ఆ పేరా తిరగరాయి.

సూసన్ వాంగ్మూలాలు రెండూ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సౌత్ కరోలినా సంపుటంతో మొదలుపెట్టు. చదివేటప్పుడు జవాబుల కన్నా ముందు, అడిగిందెవరో రాసుకుంటూ వెళ్లు. తొందరేం లేదు, పండగ వెళ్లాక పంపినా సరే.

మీ మాస్టారు