వైజాగ్ ఉప్పుటేటి ఊరు

"వైజాగ్ మొదటినుంచీ బీచ్ ఊరేనా? ఎవరు, ఎప్పుడు కట్టారు?" అని ఒకరు అడిగారు. మా మామ్మ పుట్టిల్లు వైజాగ్ పాత ఊరు వన్‌టౌన్‌లో కోటవీధి. ఈ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను.

ఈ ఊరు పుట్టుకకీ బీచ్‌కీ సంబంధమే లేదు. ఊరిని నిలబెట్టినవి ఉప్పుటేరు, యారాడ కొండ. డాల్ఫిన్స్ నోస్ అంటారే, అదే యారాడ కొండ. నైరుతి గాలికి అది అడ్డం. దాని పక్కనే ఏరు సముద్రంలో కలిసేది. పడవ కట్టుకునేవాడికి అంతకంటే ఏం కావాలి?

పోయిన సంక్రాంతికి మా పిన్ని కొడుకు హైదరాబాద్ నుంచి పిల్లలతో వచ్చాడు. ఆర్కే బీచ్, రుషికొండ, కైలాసగిరి రెండు రోజుల్లో అయిపోయాయి. "ఇంకేముంది అన్నయ్యా చూడ్డానికి?" అన్నాడు. నాకు కడుపు మండింది. వన్‌టౌన్ తీసుకెళ్ళి వెంకటేశ్వరస్వామి కొండ ఎక్కించాను. పక్కనే దర్గా కొండ, మేరీమాత చర్చి ఉన్న రాస్ హిల్. మేం పైన ఉండగానే పెద్ద ఓడొకటి లోపలికి వచ్చింది, టగ్గులు వెంటబెట్టుకుని. యారాడ కొండకీ మాకూ మధ్య ఆ సన్నటి దారిలో ఎంత దగ్గరగా వెళ్ళిందంటే, డెక్ మీద నారింజ రంగు బట్టల్లో నడుస్తున్న మనిషి కూడా కనిపించాడు. పిల్లలు అరుపులు మానేసి పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయారు. "ఇదేరా ఆ ఏరు," అన్నాను. దాని నోరు తవ్వి లోతు చేసి, అలలు కొట్టకుండా రెండు పాత ఓడల్లో రాళ్ళు నింపి బయట ముంచి, 1933లో హార్బరు తెరిచారు.

ఇంగ్లీషువాళ్ళు 1680లలో వర్తక కొఠీ పెట్టింది ఈ చుట్టుపక్కలే. 1689లో ఔరంగజేబు మనుషులు దాన్ని పట్టుకున్నారు, 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఊరినే పట్టుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళ కోట పోయింది గానీ కోటవీధి, సోల్జర్‌పేట పేర్లు మిగిలాయి. ఇక తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధ భిక్షువులు రెండువేల ఏళ్ళ కిందటే ఉన్నారు. జాలర్లు అందరికంటే ముందని నా గట్టి నమ్మకం. వాళ్ళు శాసనాలు వేయించుకోలేదు, అందుకే ఎవరూ రాయరు.

మరి బీచ్ మోజు? కోట దగ్గరి ఇరుకు, బురద భరించలేక దొరలు ఉత్తరాన వాల్తేరు మెరక మీద, సముద్రపు గాలికి బంగళాలు కట్టుకున్నారు. అప్పట్నుంచి మొదలు. 1930లో ఆంధ్రా యూనివర్సిటీ కూడా అక్కడికే వచ్చింది. 1901లో నలభై వేల జనం ఉన్న ఊరు 2011కి 17 లక్షలు దాటింది. ఇప్పుడు టూరిస్టు బస్సులన్నీ అటే. వన్‌టౌన్‌లో పాత మేడలు ఒక్కొక్కటే కూలగొడుతుంటే అడిగే నాథుడు లేడు.

కొండ దిగి మామ్మ వాళ్ళ ఇంటికి వెళ్ళాం. మండువా ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ లేచింది. సముద్రానికి అంత దగ్గరున్నా ఆ పెరట్లో నూతి నీళ్ళు తియ్యగా ఉండేవని మామ్మ చెప్పేది. నుయ్యి ఇంకా ఉంది. దాని మీద రాతి పలక పరిచారు, పలక మీద మూడు స్కూటర్లు నిలబెట్టి ఉన్నాయి.