పుస్తకాల దుకాణం పెడతానన్న బిడ్డకు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి, తెలంగాణ సాహిత్యం ఒక్కటే అమ్మే ఆన్‌లైన్ పుస్తకాల దుకాణం పెడతానని నువ్వు రాసిన నాలుగు పేజీలూ చదివాను. మీ నాన్న ఫోన్ చేసి "నువ్వన్నా పిల్లకు చెప్పు అన్నా" అన్నాడు. చౌరస్తాలో ఇన్నేళ్లు పుస్తకాల కొట్టు నడిపి, తర్వాత ఇంట్లో కూర్చుని వాట్సాప్ మీద అమ్మినవాడిని, నేనెట్లా వద్దంటాను? కానీ నీ నాలుగు పేజీల్లో మూడు వెబ్‌సైటు గురించే ఉన్నాయి. రంగులు, లోగో, యాప్. పుస్తకాలు ఎక్కడి నుంచి వస్తాయన్న దానికి మాత్రం ఒక్క వాక్యం రాసి ఊరుకున్నావు, "పబ్లిషర్ల దగ్గర తెప్పిస్తాను" అని. దుకాణం నిలిచేదీ మూతపడేదీ అక్కడే కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

మన దిక్కు వచ్చే పుస్తకాలకు చాలాసార్లు పబ్లిషరంటూ ఎవరూ ఉండరు. రచయితే చేతి డబ్బులు పెట్టి అచ్చు వేయించుకుంటాడు. ఐదు వందల కాపీలు, ఎక్కువైతే వెయ్యి. ఆవిష్కరణ సభలో కొన్ని పోతాయి, అవీ చాలావరకు వేదిక మీద కూర్చున్నవాళ్లకు ఊరికే ఇచ్చినవే. మిగిలిన కట్టలు ఆయన ఇంట్లో సజ్జ మీదో మంచం కిందో ఉంటాయి. ఆ ఇంటి చిరునామా పుస్తకం మొదట్లోనే "ప్రతులకు" అన్న మాట కింద అచ్చయి ఉంటుంది. నీకు కావలసిన సరుకంతా ఆ పేజీల్లో ఉంది. లైబ్రరీలో, స్నేహితుల ఇళ్లలో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఎక్కడ పుస్తకం కనబడినా ఆ పేజీ ఫొటో తీసుకో. ఊరు, ఫోన్ నంబరు, ఎన్నో ముద్రణ, ఇంకా కాపీలున్నాయా లేవా అన్నది ఒక రిజిస్టరులో ఎక్కించు.

సగం నంబర్లు మోగవు. పాత ల్యాండ్‌లైన్లు అవన్నీ. అప్పుడు ఆ ఊరి తెలుగు సారునో లైబ్రేరియన్‌నో పట్టుకోవాలి. జగిత్యాల, మంథని, హుజూరాబాద్, నిర్మల్, ఏ ఊళ్లోనైనా ఎవరు ఏం రాశారో తెలిసినవాళ్లు ఒకరిద్దరు ఉండనే ఉంటారు. రచయిత పోయి ఉంటే, ఇంటివాళ్లు ఆ కట్టలను పాత పేపర్లవాడికి వేయకముందే నువ్వు చేరుకోవాలి. ఇది ఫోన్ మీద అయ్యే పని కాదు. బస్సెక్కి పోయి, వాళ్లు ఇచ్చిన చాయ్ తాగి, ఆయన మాటలు ఓ గంట విని, పది కాపీలతో తిరిగి రావాలి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మినవాడు. నీ దగ్గర ఫోన్ ఉంది, స్కూటీ ఉంది, ఆ తిరుగుడు మాత్రం తప్పదు.

కాపీలు తీసుకున్నరోజే రసీదు రాసివ్వు. ఎన్ని, ఎంత కమిషన్, డబ్బు ఎప్పుడిస్తావు అన్నది రాతలో ఉండాలి. మూడు నెలలకోసారి, వాళ్లు అడగకముందే, అమ్ముడుపోయిన వాటి డబ్బు పంపించు. రెండే కాపీలు పోయినా సరే, ఆ రెండింటి డబ్బు పంపి లెక్క రాయి. తెలుగు రచయితకు పుస్తకం మీద డబ్బు తిరిగి రావడం ఎంత అరుదో నీకు తెలియదు. ఒక్కసారి అట్లా వస్తే ఆయన తన దగ్గరున్న పుస్తకాలే కాదు, పది మంది మిత్రులవీ నీకు ఇప్పిస్తాడు.

ఇక జాబితా సంగతి. నీ పోటీ పెద్ద కంపెనీలతో అనుకుంటున్నావు. వాళ్ల దగ్గర తెలుగు పుస్తకానికి ఏముంటుంది? ఒక ముఖచిత్రం, తప్పుగా కొట్టిన పేరు, ధర, అంతే. నువ్వు ఒక్కో పుస్తకానికి అరగంట కూర్చో. రచయిత, సంపాదకుడు, తొలి ముద్రణ ఏడాది, నీ దగ్గరున్నది ఎన్నో ముద్రణ, పేజీలు, సైజు, అట్ట ఎట్లా ఉంది, లోపల ఎవరి సంతకమైనా ఉందా, అన్నీ రాయి. కథల సంపుటి అయితే విషయసూచిక మొత్తం టైపు చెయ్యి. ఇది విసుగు పని, ఎవరూ చేయరు, అందుకే నువ్వు చేయాలి. పాఠకుడికి సంపుటి పేరు యాదికుండదు, ఎప్పుడో చదివిన ఒక్క కథ పేరు యాదికుంటుంది. ఆ పేరు గూగుల్‌లో కొడితే నీ పేజీ ఒక్కటే తగలాలి. "నా గొడవ" కావాలని ఎవరైనా అడిగితే ఏది కావాలని తిరిగి అడుగు, కాళోజీ ఆ ఒక్క పేరుతోనే వేరువేరు సంపుటాలు తెచ్చారు.

టైపు చేయడం ఎందుకు, రచయిత దగ్గరున్న ఫైలే పెట్టుకుంటానంటావేమో. ఆ ఫైళ్లు చాలావరకు పుస్తకం పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్లతో చేసినవి. తీసుకొచ్చి వెబ్‌సైటులో అతికిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళం వస్తుంది. ఫోన్లూ వెబ్‌సైట్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, కానీ మార్చాక ఒత్తులన్నీ కళ్లతో చూసుకోవాలి.

పేర్ల విషయంలో ఇంకో చిక్కుంది. దాశరథి అని కొట్టేవాళ్లు కొందరు, దాశరధి అని కొట్టేవాళ్లు అంతకంటే ఎక్కువ. సినారె, సి.నా.రె., సి. నారాయణరెడ్డి ముగ్గురూ ఒకరే అని నీ వెబ్‌సైటుకు నువ్వే నేర్పాలి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ల కోసం ఆ పేర్లు కూడా వెనక దాచిపెట్టు. "దాశరథి గారి నవల ఉందా" అంటే అడిగేది తమ్ముడు రంగాచార్య నవలలను, అన్న కృష్ణమాచార్య కవిత్వం పంపితే పార్సిల్ తిరిగొస్తుంది. అనుమానం వచ్చినప్పుడు 1904 నాటి మన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి పోయి పాత ముద్రణ చూసుకుని రా.

లెక్క మీ నాన్న అడుగుతాడు కాబట్టి చెప్తున్నాను. పుస్తకం ధర 200 అనుకో. మూడో వంతు కమిషన్ అంటే నీకు మిగిలేది 66 రూపాయలు. అట్ట, కవరు, టేపు కలిసి పదో పన్నెండో. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే సుమారు రెండు శాతం పట్టుకుంటుంది. పుస్తకం మీద జీఎస్టీ లేదు గానీ ఆ గేట్‌వే చార్జీ మీద, కొరియర్ మీద ఉంది. చేతిలో యాభై మిగులుతాయి. ఇందులో పది శాతం డిస్కౌంట్, ఫ్రీ డెలివరీ అని బోర్డు పెట్టావంటే చేతిలో దాదాపు ఏమీ మిగలదు. పోస్టు ఖర్చు వేరుగా చూపించు, దొరకని పుస్తకం దొరికినవాడు ఆ ఇరవై ముప్పై రూపాయలకు వెనకాడడు. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం పెట్టకు, తిరిగొచ్చిన ఒక్క పార్సిల్ వేరే అమ్మకాల లాభం తింటుంది.

పోస్టు సంగతి మారింది. మేము వాడిన రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను 2024 డిసెంబరులో తీసేశారు. దాంతో చిన్న ప్రచురణకర్తలకు నిజంగా దెబ్బ పడింది. 2025 మే 1 నుంచి పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అన్న తపాలా సేవ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలైతే 100, పన్ను వేరే. విమానంలో పోదు కాబట్టి ఆలస్యమవుతుంది, కానీ ఎక్కడుందో చూసుకోవచ్చు. రెండు వందల పేజీల మామూలు డెమ్మీ సైజు పుస్తకం ప్యాకింగుతో కలిపి ఆ 300 అంచు మీదే ఊగుతుంది. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనుక్కో, లావు అట్ట వేసి పై స్లాబుకు పోవద్దు. ముందు పాలిథిన్ కవరు, పైన పుస్తకం కంటే వేలెడు పెద్దదైన అట్ట రెండు పక్కలా. వానాకాలంలో ఆ కవరు మరిచిపోతే పాఠకుడికి చేరేది ఉబ్బిన పుస్తకమే. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు పది ఇరవై కాపీల కట్ట అయితే ఆర్టీసీ కార్గోలో వేసెయ్. అమెరికాలో ఉన్నవాళ్లు అడిగితే ఇక్కడున్న వాళ్ల అమ్మానాన్నల ఇంటికి పంపిస్తానని చెప్పు, అటు పోయేవాళ్ల సూట్‌కేసులో పోతుంది.

పీడీఎఫ్ పంపమని రోజూ అడుగుతారు. వర్సిటీలో పరిశోధన చేసే పిల్లలు జిరాక్స్ అయినా ఇవ్వమంటారు, వాళ్లను చూస్తే జాలేస్తుంది కూడా. అయినా లెక్క తెలిసి ఉండు. రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014 నుంచి, 1961లో పోయిన ఆళ్వారుస్వామివి 2022 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. దాశరథి కృష్ణమాచార్య 1987లో పోయారు కాబట్టి 2047 ముగిసేదాకా ఆగాలి. కాళోజీవి 2062 దాకా. హక్కులు తీరిన పుస్తకమైనా, ఎవరో కొత్తగా రాసిన ముందుమాట, అధోజ్ఞాపికలు (పేజీ కింది వివరణలు) వాళ్లవే, వాటిని ముట్టకు. దుకాణం నిలదొక్కుకున్నాక అట్లాంటి ఒకటి రెండు పుస్తకాలు నువ్వే మళ్లీ టైపు చేయించి వేస్తే, అందులో రచయిత వాటా ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

గ్రూప్స్‌కు చదివే పిల్లలు వస్తారు. వాళ్లకు గైడ్లు అమ్మమని అందరూ చెప్తారు, అమ్మితే డబ్బూ వస్తుంది. నా మాట విని అటు పోకు. గైడ్లు మొదలుపెడితే అలమరలన్నీ అవే ఆక్రమిస్తాయి, పరీక్ష రద్దయిందంటే ఆ కట్టలు పాత కాగితాల ధరకు కూడా పోవు. ఆ పిల్లలకు "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" లాంటి మూలగ్రంథాలు చూపించు, నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా అవి బాగానే కదులుతాయి. జిల్లా గ్రంథాలయ సంస్థల ఆర్డర్లు మంచివే, బిల్లు ఆలస్యమైతే తట్టుకునే డబ్బు చేతిలో ఉన్నప్పుడు ఒప్పుకో.

పుస్తకాలను గోడకు ఆనించి పెట్టకు, చెద పడుతుంది. నేల నుంచి జానెడెత్తున ఇనుప ర్యాకు, నాలుగు కలరా ఉండలు చాలు.

వెబ్‌సైటు చేసేవాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేశావా? ఇవ్వకపోతే ఆపు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ ఊరికే పెట్టుకోవచ్చు. వంద పుస్తకాలు దాంట్లో అమ్మి చూడు, ఏ పుస్తకం కోసం ఎవరు వస్తున్నారో తెలుస్తుంది. వెబ్‌సైటులో ఏం ఉండాలో అప్పుడు నువ్వే చెప్పగలుగుతావు. సెప్టెంబరు 9న, కాళోజీ జయంతి రోజు, తెలంగాణ భాషా దినోత్సవానికి తెరుస్తానని రాశావు. ఆ వారంలో బడుల నుంచి, కాలేజీల నుంచి బహుమతి పుస్తకాల కోసం ఫోన్లు వస్తాయి. కొత్త దుకాణం ఆ తాకిడి తట్టుకోలేదు, జూన్‌లోనే మొదలుపెట్టి చేయి తిరిగి ఉండు.

నా పాత రిజిస్టరు మీ నాన్నతో పంపిస్తున్నాను. ఎర్ర ఇంకుతో కొట్టేసినవి పోయినవాళ్ల పేర్లు, వాటికీ ఫోన్ చెయ్యి, పిల్లలు ఎత్తుతారు. మంథని పేజీలో మొదటి నంబరుకు పొద్దున తొమ్మిదిలోపే చెయ్యి, తర్వాత ఆయన పొలం దగ్గరికి పోతారు. ఆయన దగ్గర ఇంకా రెండు కట్టలు ఉండాలి.

మీ
పెద్దబాపు