లాక్‌డౌన్‌లో డ్యూటీకి వెళ్లినవాళ్లకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఏది?

నేను ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. 2020లో లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి చాలా నెలలు కరోనా శాంపిళ్లు తీయడమే నా పని. భయం లేదని చెప్పను, మొదటి వారం నిద్రే పట్టలేదు. కానీ కొన్నాళ్లకు భయం అలవాటైపోయింది. అలవాటు కానివి రెండు: దాహం, మనిషికి మన ముఖం కనబడకపోవడం.

ఒళ్లంతా కప్పే పీపీఈ కిట్ ఒకసారి విప్పితే మళ్లీ వేసుకోకూడదు. ఉన్నవే తక్కువ. అందుకని డ్యూటీకి 2 గంటల ముందే నీళ్లు మానేసేవాళ్లం. ఆ తర్వాత 6 గంటలు నీళ్లూ లేవు, బాత్రూమూ లేదు. కళ్లద్దాలకు ఆవిరి పట్టి ఎదుటి మనిషి మసకగా కనిపించేవాడు. ఆ మసకలోనే సన్నటి పుల్లని ముక్కులోంచి గొంతు పైభాగం దాకా పోనిచ్చి, కాసేపు ఉంచి, తిప్పి తీయాలి. సరిగ్గా అప్పుడే తుమ్మేవాళ్లు పాపం, ఆపుకోవడం వాళ్ల చేతుల్లో లేదు. పుల్లని ట్యూబులో దించి, గీత దగ్గర విరిచి, మూత బిగించి ఐస్ బాక్సులో పెట్టేదాన్ని. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంటే శాంపిల్ 72 గంటలు ఆగుతుంది. అసలు టెన్షన్ లేబుల్ దగ్గర. రెండు పేర్లు తారుమారైతే జబ్బున్నవాళ్లు నిశ్చింతగా ఇంటికెళ్లిపోతారు.

ఎన్95 మాస్కులు మనిషికి 5 ఇచ్చారు. వాడినదాన్ని తేదీ రాసిన కాగితం కవర్లో పెట్టి, 5 రోజులు ఆగి మళ్లీ అదే పెట్టుకోవాల్సి వచ్చేది. ముక్కు మీద పుండు మానేలోపే మళ్లీ ఒరుసుకునేది.

ఒకరోజు ఒక పెద్దాయన శాంపిల్ ఇచ్చాక నా వైపే చూస్తూ, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. అనుమానంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని. మర్నాటి నుంచి కిట్ మీద మార్కర్‌తో నా పేరు పెద్దక్షరాలతో రాసుకున్నాను. ఇది చాలా చిన్న పనే, కానీ ఆ రోజు నుంచి జనం పేరు పెట్టి పిలిచారు, పిల్లల ఏడుపు కూడా కొంచెం తగ్గింది. మేం విప్పి పారేసిన కిట్లను సంచుల్లో కట్టి తీసుకెళ్లే ఆవిడ కూడా "నాది కూడా రాయమ్మా" అని వెనక్కి తిరిగి నిలబడింది. రాశాను.

కొన్ని నెలలకు ఆవిడకు జ్వరం వచ్చింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. కాంట్రాక్టు ఉద్యోగం, 14 రోజులు విడిగా ఉండాలంటే ఆ రోజుల జీతం పోతుంది. మా అందరికీ చప్పట్లు కొట్టారు, సంతోషమే. కానీ జ్వరమొస్తే జీతంతో సెలవు మాత్రం కొందరికే ఉండేది. ఇప్పటికీ నాకు కోపం వచ్చేది దీని మీదే. ఆవిడకు ఆ రోజుల జీతం ఇవ్వమని మేం ఏడుగురం కలిసి వెళ్లి అడిగాం. సగం రోజులకు ఇచ్చారు.