పెళ్లి వీడియో ఆగి ఆగి ఆడతా ఉంటే ఐసెవెన్ కొనాలా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది కావలి. పోయిన మాఘమాసంలో మా పాప పెళ్లి చేశాం, వీడియో ఆయన 4కేలో తీసి హార్డ్‌డిస్కులో వేసిచ్చాడు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది, ఐఫైవ్ నాలుగో జనరేషన్, 8 జీబీ ర్యామ్. దాన్ని హెచ్‌డీఎంఐ వైరుతో 43 అంగుళాల టీవీకి పెట్టాను. మేళం బాగానే వినిపిస్తా ఉంది గానీ బొమ్మ ఆగి ఆగి దూకతా ఉంది, సరిగ్గా తాళి కట్టేకాడ బిగుసుకుపోయింది. షాపులో అడిగితే ఐసెవెన్, గ్రాఫిక్స్ కార్డు కలిపి 60 వేలు అన్నారు. అంత అవసరమా? మా అమ్మ కూడా తేలిగ్గా పెట్టుకుని చూసేట్టు ఏ సాఫ్ట్‌వేర్ వెయ్యాలి?

జవాబు: అవసరం లేదు సార్, ఆ 60 వేలు దాచిపెట్టుకోండి. దానికంటే ముందు ఒకటడగతా, ఆ డిస్కుకి ఇంకో కాపీ ఉందా? లేకపోతే ఇయ్యాళే తీయించండి. మా చెల్లెలి పెళ్లిది ఒక్కటే డిస్కు, బీరువాలో పెట్టి రెండేళ్ల తర్వాత తీస్తే టక్కుటక్కుమని శబ్దం తప్ప ఏమీ రాలేదు, మా నాన్న నవ్వతా కనపడే ఆఖరి వీడియో అదే. ఆ బాధ ఇంకెవరికీ రాకూడదు.

ఇప్పుడు మీ డెస్క్‌టాప్ సంగతి. 4కే వీడియోని మామూలుగా బాగా కుదించి ఫైల్ చేస్తారు, ఆడించేటప్పుడు దాన్ని విప్పాలి. విప్పడానికి ప్రాసెసర్లోనే విడిగా ఒక భాగం ఉంటది, దానికి ఆ ఫార్మాట్ తెలిస్తే చులాగ్గా అయిపోద్ది, తెలియకపోతే భారమంతా సీపీయూ మీద పడి వంద శాతానికి పోయి బొమ్మ ఆగిపోద్ది. మీ ఫైల్‌ని వీఎల్‌సీలో పెట్టి కంట్రోల్, జె కలిపి నొక్కండి, కోడెక్ అన్న చోట హెచ్‌ఈవీసీ అనో హెచ్.265 అనో ఉంటే జబ్బు దొరికినట్టే. ఆ ఫార్మాట్ ఖరారైంది 2013లో, మీ నాలుగో జనరేషన్ వచ్చింది కూడా ఆ ఏడే, మరి దాని చిప్పులో అది యాడుంటది? ఇంటెల్‌లో ఆరో జనరేషన్‌కి 8 బిట్ హెచ్‌ఈవీసీ వచ్చింది, ఏడో దానికి రంగులు ఇంకా నున్నగా ఉండే 10 బిట్ కూడా వచ్చింది, యూట్యూబ్ ఇప్పుడు వాడే ఏవీ1 అనే ఫార్మాట్ కావాలంటే పదకొండో జనరేషన్ దాకా రావాలి. అందుకే ఐత్రీనా ఐసెవెనా అని కాదు, ఎన్నో జనరేషన్ అని అడగండి. పాత ఐసెవెన్ కంటే కొత్త చిన్న చిప్పే ఈ పనికి మేలు.

నేనైతే ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ పీసీ తీసుకోమంటా. 2023లో వచ్చింది, నాలుగు కోర్లు, 6 వాట్ల చిప్పు, ఇందాక చెప్పిన ఫార్మాట్లన్నీ విప్పద్ది, కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తది. పాత డబ్బానే ఉంచుకోవాలంటే జీటీ 1030 అనే గ్రాఫిక్స్ కార్డు వేసినా హెచ్‌ఈవీసీ ఆడద్ది, ఏవీ1 మాత్రం రాదు. ఇంకోటి, మీ పాత బోర్డు హెచ్‌డీఎంఐలో 4కే పెడితే సెకనుకి 30 ఫ్రేములే పోతాయి, కార్డు వేస్తే వైరు టీవీకి కార్డు నుంచే పెట్టండి.

సాఫ్ట్‌వేర్ అంటే కోడీ, టీవీ మీద రిమోట్‌తో వీడియోలు ఎంచుకుని చూసే ప్లేయర్. 2014 దాకా దాని పేరు ఎక్స్‌బీఎంసీ, డబ్బు కట్టే పని లేదు. విండోస్ బదులు లిబ్రెఎలెక్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే కంప్యూటర్ ఆన్ చెయ్యగానే నేరుగా కోడీయే వస్తది, అమ్మకి విండోస్ మొహమే కనపడదు, కాకపోతే వేసేటప్పుడు ఏ డిస్కులో వేస్తారో దాంట్లో ఉన్నదంతా చెరిపేస్తది జాగ్రత్త, పెళ్లి డిస్కు పీకేసి పక్కన పెట్టి అప్పుడు వెయ్యండి. రిమోట్‌గా ఫోన్లో కోడీ వాళ్ల కోర్ అనే యాప్ వాడుకోవచ్చు. ఓటీటీలన్నీ టీవీలోనే చూసుకోండి, వాటి కోసం ఈ పీసీతో కుస్తీ పడొద్దు.

మన దగ్గర పెళ్లి వీడియోలు చాలావరకు సెకనుకి 25 ఫ్రేముల్లో తీస్తారు, టీవీ ఏమో 60 హెర్ట్జ్‌లో ఉంటది, లెక్క కుదరక కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా సన్నగా వణికినట్టు ఉంటది. కోడీలో సెట్టింగ్స్, ప్లేయర్, వీడియోస్‌లోకి పోయి అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ ఆన్ చెయ్యండి, టీవీ దానంతటదే 50కి మారద్ది, అప్పుడు చూడండి పల్లకీ ఎంత నున్నగా పోతా ఉందో. పెళ్లి ఫోల్డర్ కలిపేటప్పుడు అందులో ఏముందని అడిగిన చోట మూవీస్ కాదు, నన్, అంటే ఏదీ కాదు అని పెట్టండి, లేకపోతే మీ పాప పెళ్లికి ఏదో ఇంగ్లీషు సినిమా పోస్టర్ తగిలిస్తది.

ప్రశ్న: అన్నా, మాది సింగరాయకొండ. సినిమాలన్నీ ఒక పీసీలో ఉన్నాయి, కింద టీవీ, మేడ మీద టీవీ, రెండిట్లో చూడాలంటే ఎట్టా?

జవాబు: జెల్లీఫిన్ వెయ్యమ్మా, ఒక పీసీలో ఉన్న సినిమాల్ని ఇంట్లో టీవీలన్నిటికీ పంపే సాఫ్ట్‌వేర్. 2018లో ఎంబీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, పూర్తిగా ఉచితం. పీసీలో సర్వర్, టీవీల్లో దాని యాప్, అంతే. ఇట్టాంటిదే ప్లెక్స్ కూడా బాగానే ఉంటది గానీ చిప్పు సాయంతో ఫార్మాట్ మార్చి పంపాలంటే డబ్బు కట్టాలి, జెల్లీఫిన్‌లో అది ఊరికే వస్తది. మేడ మీదకి మాత్రం వైఫై నమ్ముకోవద్దు, స్లాబు దాటేసరికి పడిపోద్ది, కేబుల్ టీవీ వైరు పక్కనే ఒక లాన్ వైరు లాగించుకో.