హబ్ సంగతి తర్వాత, ముందు మీ లాప్‌టాప్ టైప్ సీ పోర్టు చూడండి

కరీంనగర్ నుంచి ఒకావిడ అడిగారు: కొత్త లాప్‌టాప్‌కి ఒక టైప్ సీ, ఒక మామూలు యూఎస్‌బీ తప్ప ఏం లేవు, ఇంటి నుంచే ఆఫీసు పని, మానిటర్, కీబోర్డు, మౌస్, ఇంటర్నెట్ లాన్ వైరు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు అన్నీ తగిలించాలి, చార్జింగ్ కూడా హబ్ (ఒక్క టైప్ సీకి తగిలిస్తే చాలా పోర్టులిచ్చే చిన్న డబ్బా) నుంచే అయితే బాగుంటుంది, 8 ఇన్ 1 (అంటే 8 పోర్టులది) తీసుకోవాలా 11 ఇన్ 1 తీసుకోవాలా అని.

8 ఆ 11 ఆ అనేది చివర్లో చూద్దాం అండి. టైప్ సీ పోర్టులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ చేసే పని ఒకటి కాదు. కొన్ని డేటా మాత్రమే పంపుతాయి, కొన్ని చార్జింగ్ కూడా తీసుకుంటాయి, కొన్ని మాత్రమే వీడియో కూడా బయటికి ఇస్తాయి. హబ్‌కి హెచ్‌డీఎమ్‌ఐ ఉంది కదా మానిటర్ వచ్చేస్తుంది అనుకుంటారు చాలామంది, కానీ మామూలు హబ్ సొంతంగా వీడియో తయారు చెయ్యదు, లాప్‌టాప్ పంపిన డిస్‌ప్లేపోర్ట్ అనే వీడియో సిగ్నల్‌నే హెచ్‌డీఎమ్‌ఐగా మార్చి ఇస్తుంది, లాప్‌టాప్ పంపకపోతే అది మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది? మా తమ్ముడి దగ్గర ఇదే జరిగింది. మానిటర్ వెలగట్లేదని మూడు కేబుళ్లు మార్చాం, హబ్ వాపసు పంపి ఇంకోటి తెప్పించాం, అదీ పని చెయ్యలేదు, అప్పుడు స్పెక్స్ తీసి చూస్తే ఆ లాప్‌టాప్ టైప్ సీ డేటాకి మాత్రమే అని ఉంది. పది రోజులు పోయాయి.

కాబట్టి లాప్‌టాప్ తిరగేసి అడుగున స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ నంబర్ రాసుకోండి, సిరీస్ పేరు ఒక్కటే సరిపోదు, ఒకే పేరుతో వచ్చే వేరియంట్లలో పోర్టులు తేడాగా ఉంటాయి. ఆ నంబర్‌తో కంపెనీ సైట్‌లో స్పెక్స్ తెరిచి టైప్ సీ దగ్గర డిస్‌ప్లేపోర్ట్ (వీడియోకి), పవర్ డెలివరీ (చార్జింగ్‌కి) అనే రెండు మాటలు ఉన్నాయో లేదో చూడండి. పోర్టు పక్కన బాణం మొన ఉన్న మెరుపు గుర్తు ఉంటే అది థండర్‌బోల్ట్ (వేగమైన రకం టైప్ సీ), వీడియో ఇస్తుంది, చార్జింగ్ మాత్రం స్పెక్స్‌లో చూసుకోండి. గుర్తు లేనంత మాత్రాన సపోర్ట్ లేదని మాత్రం అనుకోవద్దు.

డిస్‌ప్లేపోర్ట్ లేకపోతే డిస్‌ప్లేలింక్ లాంటి చిప్ ఉన్న డాక్ (పెద్ద హబ్ లాంటిది) తీసుకోవాలి, అది మామూలు యూఎస్‌బీ మీదే వీడియో పంపుతుంది, కాకపోతే రేటు ఎక్కువ, డ్రైవర్ వేసుకోవాలి. లాప్‌టాప్ ఆఫీసుది అయితే మీ ఐటీ వాళ్లు డ్రైవర్ వెయ్యనిస్తారో లేదో ముందే కనుక్కోండి.

చార్జింగ్‌లో కూడా మోసపోకండి. హబ్ మీద 100 వాట్లు అని ఉంటే అది తీసుకోగలిగిన పరిమితి, మీ చార్జర్ 65 వాట్లదైతే వచ్చేది 65 మాత్రమే, అందులోనూ హబ్ తన కోసం 10, 15 వాట్లు పక్కన పెట్టుకుంటుంది, అంటే లాప్‌టాప్‌కి చేరేది 50 చిల్లర. వీడియో కాల్, బ్రౌజర్ వరకూ చాలామందికి సరిపోతుంది, బరువైన పని చేస్తే మాత్రం చార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ మెల్లగా దిగుతుంది. 60 వాట్లు దాటాలంటే 5 ఆంపియర్ల కేబుల్ కూడా కావాలి.

మానిటర్ మామూలు ఫుల్ హెచ్‌డీ అయితే ఏ హబ్ అయినా పర్లేదు. 4కే అయితే మాత్రం 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు బొమ్మ మారడం) అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి, చవక వాటిలో పైన పెద్దగా 4కే అని, కింద చిన్నగా 30 హెర్ట్జ్ అని ఉంటుంది, దాని మీద రోజంతా పని చేస్తే మౌస్ బాణం ఈడ్చుకుంటూ పోతున్నట్టు ఉండి కళ్లు లాగేస్తాయి. లాన్ దగ్గర గిగాబిట్ అని ఉండాలి, 100 ఎంబీపీఎస్ పోర్టు అయితే మీ ఇంటికి 300 ప్లాన్ ఉన్నా 100 లోపే వస్తుంది.

హార్డ్ డిస్కు మాత్రం హబ్‌కి పెట్టొద్దని నా సలహా, లాప్‌టాప్‌కి ఉన్న ఆ ఒక్క మామూలు యూఎస్‌బీకే పెట్టండి. హబ్‌లో అన్ని పోర్టులూ ఒకే వైరు స్పీడుని, కరెంటుని పంచుకోవాలి, తిరిగే డిస్కుకి కరెంటు చాలకపోతే టిక్ టిక్‌మంటూ డిస్‌కనెక్ట్ అవుతుంది. పైగా చాలా హబ్‌లలో చార్జర్ తీసినా పెట్టినా ఒక్క క్షణం అన్నీ ఆగి మళ్లీ వస్తాయి, ఆ క్షణంలో ఫైళ్లు కాపీ అవుతుంటే పాడయ్యే ప్రమాదం ఉంది, పిల్లల ఫోటోలున్న డిస్కుతో ఆ రిస్క్ ఎందుకు.

ఇక లెక్కకొస్తే, మీకు కావాల్సింది ఒక హెచ్‌డీఎమ్‌ఐ, ఒక లాన్, చార్జింగ్, రెండు మూడు యూఎస్‌బీలు, అంటే 6 ఇన్ 1 చాలు! పెద్ద అంకె వచ్చేది ఎక్కువగా కార్డు స్లాట్లు, పాత మానిటర్ల వీజీఏ, ఆడియో జాక్ కలిపి లెక్కేస్తే. ఆ డబ్బులు 60 హెర్ట్జ్, గిగాబిట్ ఉన్నదాని మీద పెట్టండి. రెండు హెచ్‌డీఎమ్‌ఐలు చూసి ఆశపడే మ్యాక్‌బుక్ వాళ్లకి ఒక మాట: మామూలు హబ్‌తో మ్యాక్‌లో రెండు మానిటర్ల మీదా ఒకే బొమ్మ వస్తుంది, వేర్వేరుగా రాదు.

విజయవాడ నుంచి ఇంకొకరిది చిన్న ప్రశ్న: హబ్ పెట్టినప్పటి నుంచి వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోంది, వైఫై కూడా స్లో అయింది, హబ్ పాడైందా?

పాడవ్వలేదు. యూఎస్‌బీ 3 డేటా నడిచేటప్పుడు వచ్చే రేడియో నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది, దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక పేపర్ ఇచ్చింది, మీ మౌస్ డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టే ఆ చిన్న రిసీవర్) పనిచేసేదీ ఎక్కువగా ఆ 2.4 మీదే. డాంగిల్‌ని హబ్ నుంచి తీసి లాప్‌టాప్‌కి అవతలి వైపు పోర్టుకి పెట్టండి, అక్కడ ఖాళీ లేకపోతే ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో హబ్‌కి ఒక అడుగు దూరం జరపండి, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. కొత్త మౌస్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చేసి చూడండి, రెండు నిమిషాల పని.