టెక్ సందేహాలు: ఏఎస్/400 ఫోల్డర్ పీసీలో తెరుచుకోకపోతే

ప్రశ్న: మా కంపెనీ లెక్కలన్నీ ఐబీఎం వాళ్ల ఏఎస్/400 సర్వర్ మీదే. అందులోని ఒక ఫోల్డర్‌ని ఏళ్లుగా అందరి పీసీల్లో జెడ్ డ్రైవ్‌గా పెట్టుకుని వాడుతున్నాం. ఈమధ్య పీసీలు విండోస్ 11కి మార్చాక కొన్నింట్లో ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అంటోంది. కొన్నేమో పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతున్నాయి. గ్రీన్ స్క్రీన్‌లో (ఏఎస్/400 టెర్మినల్ తెర) మాత్రం అదే పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతున్నాం. లోపం ఎక్కడ?

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే మందుతో పోవు.

ముందు పాత్ దొరకని పీసీల సంగతి. ఏఎస్/400 (1988లో వచ్చిన ఈ మెషీన్ వారసులు ఇప్పుడు పవర్ సర్వర్ల మీద ‘ఐబీఎం ఐ’ పేరుతో నడుస్తున్నాయి) విండోస్‌కి ఫోల్డర్లు చూపించేది నెట్‌సర్వర్ అనే భాగం ద్వారా. దాని పేరు సిస్టమ్ పేరే కానక్కర్లేదు. మార్చకుండా వదిలేస్తే సిస్టమ్ పేరుకి ముందు ‘క్యూ’ అక్షరం తగిలించుకుంటుంది. అందుకే సిస్టమ్ పేరుతో పింగ్ పలికినా షేర్ (పంచుకున్న ఫోల్డర్) తెరుచుకోకపోవచ్చు. పేరు బదులు ఐపీ అడ్రస్‌తో ప్రయత్నించండి. అలా తెరుచుకుంటే తప్పు డీఎన్ఎస్‌లో (పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే చోటు) ఉన్నట్టే, నెట్‌సర్వర్ పేరుని అక్కడ చేర్చండి. ఐపీతో కూడా రాకపోతే ఆ పీసీ నుంచి సర్వర్ 445 పోర్టు అందుతోందో లేదో చూడండి.

పోర్టు అందినా తెరుచుకోకపోతే ఎస్ఎంబీ (విండోస్ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) వెర్షన్‌ని అనుమానించాలి. ఐబీఎం ఐ 7.1, అంతకు ముందు వెర్షన్లకి ఎస్ఎంబీ 1 తప్ప తెలియదు. విండోస్ 10 1709 నుంచి ఎస్ఎంబీ 1 మామూలుగా ఇన్‌స్టాలే కావడం లేదు. ‘విండోస్ ఫీచర్స్’లోకి వెళ్లి ఒక టిక్కు పెడితే అది తిరిగి వస్తుంది కానీ, 2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్ చొరబడింది ఎస్ఎంబీ 1లోని కన్నం గుండానే. ఆఫీసులోని పీసీలన్నింట్లో ఆ తలుపు మళ్లీ తెరవమని నేను చెప్పను. 7.1కి మామూలు సపోర్టు 2018 ఏప్రిల్‌తోనే ముగిసింది కాబట్టి అప్‌గ్రేడే సరైన దారి. అంతదాకా ఎఫ్‌టీపీతోనో, యాక్సెస్ క్లయింట్ సొల్యూషన్స్ (ఏసీఎస్)లోని డేటా ట్రాన్స్‌ఫర్‌తోనో నెట్టుకురండి. మీది 7.3 లేదా ఆపైది అయితే ఎస్ఎంబీ 2 ఉంటుంది, ఈ గొడవ లేదు. ఏ వెర్షన్ మీద కలిసిందో తేల్చుకోవాలంటే షేర్ తెరుచుకున్న ఏదైనా పీసీలో పవర్‌షెల్‌లో ‘గెట్-ఎస్ఎంబీకనెక్షన్’ కొట్టి డయలెక్ట్ కాలమ్ చూడండి.

ఇంకో మెలిక విండోస్ 11 24హెచ్2ది. ఈ వెర్షన్ ప్రో ఎడిషన్ సైనింగ్ (సందేశాలకి డిజిటల్ సంతకం) లేని ఎస్ఎంబీ కనెక్షన్లని ఒప్పుకోదు, గెస్ట్ (సొంత పాస్‌వర్డ్ లేని) లాగిన్‌నీ ఒప్పుకోదు. చాలా ఆఫీసుల్లో ఎప్పుడో ఎవరో నెట్‌సర్వర్‌కి గెస్ట్ ప్రొఫైల్ (యూజర్ అకౌంట్) పెట్టి వెళ్లిపోతారు, అందరూ తెలియకుండానే దాని మీద బతుకుతుంటారు. అలాంటి చోట 24హెచ్2 రాగానే తలుపు మూసుకుపోతుంది. నావిగేటర్‌లో (ఐబీఎం ఐని నిర్వహించే టూల్) నెట్‌సర్వర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ కింద సైన్డ్ రిక్వెస్టులని కనీసం ‘ఆప్షనల్’ చేసి, ప్రతి మనిషికీ సొంత ప్రొఫైల్ ఇవ్వండి. నెట్‌సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెడితేనే ఈ మార్పు అమల్లోకొస్తుంది. ఆపగానే అందరి డ్రైవులూ తెగిపోతాయి కాబట్టి ఆఫీసు కట్టేశాక చేయండి.

ఇక పాస్‌వర్డ్ పదేపదే అడిగే పీసీలు. ఇక్కడ మనుషుల్ని బాగా తికమక పెట్టే విషయం ఒకటుంది. ఐబీఎం ఐలో ఒక యూజర్ ప్రొఫైల్ మామూలుగా పనిచేస్తూనే, ఒక్క నెట్‌సర్వర్‌కి మాత్రం డిజేబుల్ అయిపోగలదు. గ్రీన్ స్క్రీన్ పలకడం, జెడ్ డ్రైవ్ పలకకపోవడం అందుకే. ఆపరేటర్ మెసేజ్ క్యూలో ‘సీపీఐబీ682’ మెసేజ్ ఉందేమో చూడండి. ఉంటే జబ్బు ఇదే.

అలా ఎందుకవుతుంది? షేర్ తెరిచేటప్పుడు విండోస్ మిమ్మల్ని అడగకుండానే పీసీలో లాగిన్ అయిన పేరూ, పాస్‌వర్డూ పంపి చూస్తుంది. లేదంటే క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచుకున్న పాత పాస్‌వర్డ్ పంపుతుంది. నిన్న మీరు ఏఎస్/400 పాస్‌వర్డ్ మార్చారనుకోండి, పొద్దున పీసీ ఆన్ చేయగానే పాత పాస్‌వర్డ్‌తో తలుపు తట్టడం మొదలవుతుంది. క్యూమ్యాక్స్‌సైన్ సిస్టమ్ వాల్యూలో ఉన్నన్ని తప్పులు పూర్తి కాగానే నెట్‌సర్వర్ తలుపేసుకుంటుంది. మీరు అప్పటికి కీబోర్డు ముట్టుకునైనా ఉండరు.

బాగుచేసేటప్పుడు వరస ముఖ్యం. ముందు పీసీలో ‘నెట్ యూజ్’ కమాండ్‌తో ఆ సర్వర్‌కున్న కనెక్షన్లన్నీ తీసేయండి. తర్వాత క్రెడెన్షియల్ మేనేజర్‌లో సర్వర్ పేరుతో ఒకటి, ఐపీతో ఒకటి విడివిడిగా ఉండొచ్చు, రెండూ చెరిపేయండి. ఆ తర్వాతే ప్రొఫైల్‌ని తిరిగి ఎనేబుల్ చేయాలి. నావిగేటర్‌లో నెట్‌సర్వర్ డిజేబుల్డ్ యూజర్ల జాబితాలోంచి చేయొచ్చు. గ్రీన్ స్క్రీన్‌లో ఆ ప్రొఫైల్ మీద చేంజ్ యూజర్ ప్రొఫైల్ కమాండ్ నడిపి, ఏమీ మార్చకుండా ఎంటర్ కొట్టినా సరిపోతుంది. ముందే ఎనేబుల్ చేసి పీసీని తర్వాత చూద్దామనుకుంటే, అది మళ్లీ డిజేబుల్ చేయించి కూర్చుంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో, పిన్‌తో లాగిన్ అయ్యే పీసీల్లో యూజర్ పేరు పొంతన కుదరనే కుదరదు, ఐబీఎం ఐ ప్రొఫైల్ పేరు 10 అక్షరాలు దాటదు మరి. డ్రైవ్ మ్యాప్ చేసేటప్పుడు ‘వేరే క్రెడెన్షియల్స్‌తో కనెక్ట్’ టిక్కు పెట్టి ఏఎస్/400 పేరు కొట్టండి.

ప్రశ్న: సేల్స్ ఫైల్‌ని సీఎస్‌వీగా ఆ షేర్‌లో పడేస్తున్నాం. ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. కస్టమర్ల పేర్లు తెలుగులోనూ ఉన్నాయి.

జవాబు: ఎలాంటి పిచ్చి గుర్తులో చూస్తే సగం సమాధానం దొరికినట్టే.

పదాల మధ్య ఖాళీలు ఉండాల్సిన చోట వరసగా @ గుర్తులు, అక్షరాల బదులు నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న యూరప్ అక్షరాలు కనిపిస్తే, ఫైల్ ఇంకా ఈబీసీడిక్‌లోనే (ఏఎస్/400 వాడే అక్షరాల కోడ్) ఉంది. ఈబీసీడిక్‌లో ఖాళీ విలువ 64. ఆస్కీలో (పీసీల కోడ్) 64 అంటే @. సీఎస్‌వీ ఎగుమతి చేసే సీపీవైటీఓఐఎంపీఎఫ్ కమాండ్‌లో స్ట్రీమ్ ఫైల్ సీసీఎస్ఐడీ (అక్షరాల కోడ్ నంబర్) దగ్గర 1208 (యూటీఎఫ్-8) ఇవ్వండి. ఇచ్చినా మారలేదంటారా? ఆ పేరుతో ఫైల్ ముందే అక్కడుంటే ఈ పారామీటర్‌ని అది పట్టించుకోదు. రీప్లేస్ అని చెప్పినా లోపలి డేటా మారుతుందే తప్ప ఫైల్ మీదున్న పాత సీసీఎస్ఐడీ మారదు. పాత ఫైల్‌ని డిలీట్ చేసి ఎగుమతి మళ్లీ నడపండి. రోజూ నడిచే జాబ్ అయితే ఆ డిలీట్‌ని కూడా ప్రోగ్రామ్‌లోనే పెట్టండి.

ఇంగ్లీషు బాగానే వచ్చి, ఒక్కో తెలుగు అక్షరం బదులు మూడేసి గుర్తులు వస్తున్నాయా? అయితే ఫైల్ బాగానే ఉంది, తప్పు ఎక్సెల్‌ది. డబుల్ క్లిక్ చేయొద్దు. డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ఫైల్ ఆరిజిన్‌లో 65001 యూనికోడ్ ఎంచుకోండి. అసలు టేబుల్లోనే ఆ కాలమ్ సీసీఎస్ఐడీ 37 అయితే మాత్రం చేయగలిగిందేమీ లేదు, ఆ కోడ్‌లో తెలుగు అక్షరాలే లేవు. ఆ కాలమ్‌ని 1200 లేదా 1208కి మార్చి పేర్లు మళ్లీ ఎక్కించాలి.

సీఎస్‌వీ తతంగమెందుకు, క్యూసిస్ (ఏఎస్/400 డేటాబేస్ ఫైళ్లు ఉండే చోటు) లైబ్రరీలోని ఫైల్‌నే షేర్ ద్వారా నేరుగా తెరుద్దామని కొందరికి అనిపిస్తుంది. వద్దు. ప్యాక్డ్ డెసిమల్ కాలమ్స్‌లో ఒక్కో బైట్‌లో రెండేసి అంకెలుంటాయి, వాటిని అక్షరాల్లా మార్చితే రూపాయలన్నీ చెత్తవుతాయి. పొరపాటున నోట్‌ప్యాడ్‌లో సేవ్ కొట్టారో, అసలు ఫైలే పోతుంది.

ప్రశ్న: ఒక్కో ఫోల్డర్ షేర్ చేసే బదులు రూట్ (ఫోల్డర్లన్నింటికీ పై మెట్టు) మొత్తం షేర్ చేస్తే పని తేలిక కదా?

జవాబు: తేలికే, రాన్సమ్‌వేర్‌కి కూడా. విండోస్ వైరస్ ఐబీఎం ఐ మీద నడవదన్నది నిజమే. కానీ వైరస్ పట్టిన పీసీలో మ్యాప్ అయిన డ్రైవ్ ఏదైనా దానికి ఒకటే, అందులోని ఫైళ్లని తాళం వేసుకుంటూ పోతుంది. రూట్ కిందే క్యూసిస్ కూడా ఉంటుంది. ఆల్‌ఆబ్జెక్ట్ (అన్నింటి మీదా) అధికారమున్న మనిషి పీసీలో ఆ డ్రైవ్ ఉంటే లైబ్రరీలు సైతం డిలీట్ కీకి అందుబాటులో ఉన్నట్టే. పీసీలకి పనికొచ్చే ఒక్క ఫోల్డర్ చేసి దాన్నే షేర్ చేయండి (షేర్ పేరు 12 అక్షరాలు దాటకూడదు). చదివేవాళ్లే ఎక్కువైతే రీడ్-ఓన్లీ పెట్టండి. క్యూపీడబ్ల్యూఎఫ్‌సర్వర్ అనే ఆథరైజేషన్ లిస్టులో పబ్లిక్‌ని ఎక్స్‌క్లూడ్ చేస్తే షేర్ల గుండా క్యూసిస్ లైబ్రరీల్లోకి దారి మూసుకుంటుంది, ఆల్‌ఆబ్జెక్ట్ వాళ్లకి మాత్రం మూసుకోదు. ఇంకోటి, లైబ్రరీల బ్యాకప్‌లో ఈ ఫోల్డర్లు రావు. వీటికి సేవ్ కమాండ్ విడిగా నడపాలి.

ప్రశ్న: పీసీ సర్వర్‌లోని ఫైల్‌ని ఏఎస్/400 తనంతట తాను తెచ్చుకోగలదా?

జవాబు: తెచ్చుకోగలదు, క్యూఎన్‌టీసీ (విండోస్ షేర్లని ఏఎస్/400కి చూపించేది) ఫైల్ సిస్టమ్ ద్వారా. జాబ్ ఏ ప్రొఫైల్ కింద నడుస్తుందో అదే పేరు, అదే పాస్‌వర్డ్ విండోస్ వైపూ ఉండాలి. తొంభై పాళ్లు ఇక్కడే బెడిసికొడుతుంది. సర్వర్ పేరు జాబితాలో కనిపించకపోతే క్యూఎన్‌టీసీ కింద ఆ పేరుతో డైరెక్టరీ సృష్టించండి. పాస్‌వర్డులు ఎప్పటికప్పుడు మారే ఆఫీసైతే దీని జోలికి పోకుండా పాస్‌వర్డ్ బదులు కీతో నడిచే ఎస్ఎఫ్‌టీపీ పెట్టుకోండి.