అమ్మానాన్నలకు బాల్టిక్ సముద్రం చూపించాలంటే

"జూలైలో అమ్మ, నాన్న వస్తున్నారు. మేము బెర్లిన్‌లో ఉంటాం. వాళ్లకు సముద్రం చూపించాలని ఉంది. కానీ నాన్నకు జనసమ్మర్దం పడదు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎక్కడికి తీసుకెళ్లాలి?" ఏప్రిల్ వచ్చిందంటే ఇలాంటి ప్రశ్న ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. పద్నాలుగేళ్లుగా బాల్టిక్ తీరంలోని రోస్టాక్‌లో ఉంటున్నాను కాబట్టి ఆ అడగడం సహజమే. అందరికీ ఒకే ఊరి పేరు చెబుతాను: గ్రాల్-మ్యూరిట్స్.

బెర్లిన్ నుంచి వచ్చేవారు ఎక్కువగా రోస్టాక్ నగరంలోనే భాగమైన వార్నెమ్యూండెకి వెళతారు. అది అందమైన చోటే. పెద్ద పెద్ద ఓడలు కళ్ల ముందే వెళతాయి, తినడానికి దుకాణాలు వరుసగా ఉంటాయి. కానీ ఎండ కాసే శనివారం అక్కడ తువ్వాలు పరచుకోవడానికి చోటు వెతుక్కోవాలి. గ్రాల్-మ్యూరిట్స్ రోస్టాక్‌కి ఈశాన్యంగా, తీరం వెంబడి కొంచెం ముందుకు వెళితే వస్తుంది. ఒకవైపు రోస్టాకర్ హైడె అనే పెద్ద అడవి, మరోవైపు తెల్లటి మెత్తని ఇసుక. కాస్త తూర్పుకో పడమరకో నడిస్తే, జూలైలో కూడా మీ కుటుంబానికీ పక్క కుటుంబానికీ మధ్య బోలెడంత ఇసుక మిగులుతుంది.

ప్రయాణం కష్టమేమీ కాదు. బెర్లిన్ నుంచి రోస్టాక్‌కు ప్రాంతీయ రైలులో సుమారు మూడు గంటలు. రోస్టాక్ ప్రధాన స్టేషన్‌లో చిన్న రైలు ఎక్కితే అది నేరుగా ఊళ్లోకే తీసుకెళుతుంది. డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లలో, నగర బస్సుల్లో చెల్లే నెలవారీ టికెట్) ఉంటే ఈ మొత్తం దారికి అదే చాలు, ఐసీఈ లాంటి వేగపు రైళ్లకు మాత్రం చెల్లదు. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఆ టికెట్ 2026 జనవరి నుంచి 63 యూరోలైంది. అమ్మానాన్నలకు కూడా తీసుకుంటే ఒక విషయం మరిచిపోవద్దు. అది ఒకసారి కొని వదిలేసే టికెట్ కాదు, చందా. ఒక్క నెలకే కావాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. లేకపోతే వాళ్లు ఊరికి తిరిగి వెళ్లిపోయాక కూడా మీ ఖాతా నుంచి డబ్బు పోతూనే ఉంటుంది. ఇలా పోగొట్టుకున్నవారు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురున్నారు.

ఊరికి చేరాక కూర్‌టాక్సె అనే చిన్న రుసుము కట్టాలి. తీరాన్ని శుభ్రంగా ఉంచడానికి, కాపలాకు, దారులకు ఊరు ఖర్చు పెడుతుంది కదా, అందుకు మన వంతు అది. బడిలో చదివే పిల్లలకు ఆ రుసుము ఉందా లేదా అన్నది ఊరూరికీ మారుతుంది, బోర్డు మీద రాసి ఉంటుంది, చూసుకోండి. మరుగుదొడ్ల కోసం చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి.

మా అమ్మది బందరు. ఆమె మొదటిసారి ఇక్కడి సముద్రాన్ని చూసి, "ఇది చెరువులా ఉందేమిటి నాన్నా, అల ఏదీ?" అంది. మంగినపూడి అలల హోరు వింటూ పెరిగిన మనిషి ఆమె. బాల్టిక్ చుట్టూ భూమి మూసుకుని ఉన్న సముద్రం. మహాసముద్రంతో దానికి ఉన్న దారి డెన్మార్క్ దగ్గరి ఇరుకైన జలసంధులే. అందువల్ల ఆటుపోట్లు దాదాపు లేనట్టే. ఉప్పు కూడా తక్కువ. మహాసముద్రంలో లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, మా తీరంలో అటూ ఇటూగా 10 గ్రాములు. గాలి లేని ఉదయం నీటి అంచున నిలబడితే ఇసుక మీద నీళ్లు జారే చిన్న సవ్వడి తప్ప ఇంకేమీ వినబడదు. అమ్మ ఆ రోజు సాయంత్రం వరకూ పెద్దగా మాట్లాడలేదు. నచ్చలేదేమో అనుకున్నాను. మర్నాడు ఉదయం ఆరు గంటలకే చీర కట్టుకుని, "మళ్లీ వెళదామా?" అని తలుపు దగ్గర నిలబడింది.

మోకాళ్ల నొప్పులకు ఈ తీరం దగ్గర ఒక మంచి పరిష్కారం ఉంది. ఇసుక మీద వరుసగా కనిపించే, పైకప్పు ఉన్న పెద్ద అల్లిక బుట్టలాంటి కుర్చీ. పేరు ష్ట్రాండ్‌కోర్బ్. 1882లో రోస్టాక్‌లోనే విల్‌హెల్మ్ బార్టెల్‌మాన్ అనే బుట్టలల్లే పనివాడు దీన్ని తయారుచేశాడు. కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక పెద్దావిడ, గాలికీ ఎండకీ ఇబ్బంది పడకుండా సముద్రం దగ్గర కూర్చోవాలని అడిగిందట, ఆమె కోసం అల్లాడు. అంటే ఆ కుర్చీ పుట్టిందే మీ అమ్మలాంటి వాళ్ల కోసం. ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు, వీపు వెనక్కి వాల్చవచ్చు, కాళ్లు చాపుకోవడానికి కింది నుంచి పీటలు బయటికి లాగవచ్చు. అద్దె రోజుకు పది యూరోల పైచిలుకు ఉంటుంది. ఆ డబ్బు దగ్గర వెనకాడవద్దని నా మాట. నేల మీద దుప్పటి పరిచి పెద్దవాళ్లను కూర్చోబెడితే, లేవలేక, ఆ సంగతి మీకు చెప్పలేక అవస్థ పడతారు. దిబ్బల మీదుగా చెక్క దారి ఎక్కడ ముగుస్తుందో చూసి, దానికి దగ్గరి కుర్చీనే తీసుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం నీరు. ప్రశాంతంగా కనిపిస్తుంది కదా అని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. బంగాళాఖాతం నీటి వేడి అలవాటైన ఒంటికి ఇది వేరే లోకం. నడి వేసవిలో కూడా ఇక్కడి నీరు సాధారణంగా 17 నుంచి 20 డిగ్రీలే. జూన్ మొదట్లో ఇంకా తక్కువ. నేను వచ్చిన మొదటి వేసవిలో, ఎండలో గంటసేపు ఉండి ఒక్క పరుగున ఛాతీ లోతుకు వెళ్లాను. ఊపిరి అందలేదు. అరవాలన్నా గొంతు పెగల్లేదు. పక్కన ఉన్న ఒక ముసలాయన చెయ్యి పట్టి వెనక్కి నడిపించాడు. చల్లటి నీరు ఒక్కసారిగా తగిలితే శ్వాస మన అదుపులో ఉండదు, ఈత వచ్చినవారికైనా అంతే. ముందు పాదాలు, తరువాత చేతులు, మెడ తడుపుకుని నెమ్మదిగా దిగండి.

కాపలా గుడిసె మీది జెండాలు చూడటం పిల్లలకు కూడా నేర్పండి. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండా ఎగురుతుంటే రక్షకులు విధుల్లో ఉన్నారని అర్థం. దానితోపాటు పసుపు జెండా ఉంటే పిల్లలు, ఈత సరిగా రానివారు నీళ్లలోకి దిగకూడదు. ఒట్టి ఎరుపు జెండా ఉంటే ఎవరూ దిగకూడదు. ఏ జెండా లేకపోతే కాపలా లేదు. అప్పుడు కూడా దిగవద్దనే చెబుతాను. ఒడ్డు నుంచి సముద్రంలోకి వరుసగా పాతిన కొయ్య దుంగలు కనిపిస్తాయి. అలలు ఇసుకను కోసుకుపోకుండా పాతినవి అవి. ఫొటో కోసం వాటి మీదికి ఎక్కేవాళ్లను చూస్తుంటే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. నాచు పట్టి జారుతాయి, వాటి పక్కన నీటి లాగుడు ఎక్కువ, లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. ప్రమాదం జరిగితే 112కు ఫోను చేయండి.

నాన్నగారికి మధుమేహం ఉందా? అయితే ఇది తప్పక చదవండి. బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి, నీరు 20 డిగ్రీలు దాటి వెచ్చబడిన రోజుల్లో విబ్రియో అనే బాక్టీరియా పెరుగుతుంది. ఆరోగ్యవంతులకు పెద్దగా భయం లేదు. మధుమేహం, కాలేయ జబ్బు ఉన్నవారికి, పెద్ద వయసువారికి మాత్రం కాలి మీది చిన్న పుండు ద్వారా లోపలికి వెళ్లి ప్రాణం మీదికి తెస్తుంది. పుండో గీతో ఉంటే ఆయనను నీళ్లలోకి దింపవద్దు. తెలియక దిగాక పుండు ఎర్రబడి నొప్పి పెరిగితే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి, సముద్రంలో దిగిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. సందర్శకుల వీసా కోసం తీసుకున్న బీమాలో పాత జబ్బులకు మినహాయింపులుంటాయి. ఆ కాగితం ప్రయాణానికి ముందే చదువుకోవాలి.

మరొకటి పెద్దవాళ్లకు ముందే చెప్పడం మంచిది. ఈ తీరంలో కొన్ని భాగాలు బట్టలు లేకుండా స్నానం చేసేవారివి. తూర్పు జర్మనీ కాలం నుంచి బలంగా ఉన్న అలవాటు ఇది, ఇక్కడివాళ్లకు ఇందులో వింతేమీ లేదు. దారి చివర ఎఫ్‌కేకే అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఉన్న దారి వదిలి పక్క దారిలో వెళితే సరిపోతుంది. నడుస్తూ నడుస్తూ అటు చేరుకుంటే తల తిప్పుకుని మామూలుగా సాగిపోండి. అక్కడ ఫోను మాత్రం బయటికి తీయకండి.

ఇసుక దిబ్బల మీద గడ్డి కనిపిస్తుంది. అందులో అడుగు పెట్టకూడదు. మా అమ్మ, "గడ్డికి ఇంత కాపలా ఎందుకు?" అని అడిగింది. 1872 నవంబరులో వచ్చిన ఉప్పెన ఈ తీరమంతా ముంచేసిందని, ఆ గడ్డి వేళ్లే దిబ్బను పట్టి ఉంచుతాయని, దిబ్బే ఊరికి గోడ అని చెప్పాను. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన నాటికి ఆమె పెళ్లికూతురు. ఇంకేమీ అడగలేదు. ఆ తరువాత నా కూతురు దిబ్బ వైపు పరిగెత్తితే మొదట కేక వేసింది ఆమే.

తిండికి పులిహోర, దద్దోజనం డబ్బాల్లో పెట్టుకుని వెళ్లండి. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది రొట్టెలో పెట్టిన చేప. మాంసాహారులకు అది రుచిగానే ఉంటుంది. కానీ సీగల్ పక్షులను కనిపెట్టుకుని తినాలి, చేతిలోంచే ఎత్తుకుపోతాయి. పాటలు పెద్దగా పెట్టవద్దు, వీడియో కాల్ స్పీకరులో మాట్లాడవద్దు. పదిమందిమి కలిస్తే మన గొంతులు పెరగడం ప్రేమతోనే అని నాకు తెలుసు. అయినా పక్కన పుస్తకం చదువుకుంటున్నవాళ్లు ఏడాదంతా ఎదురుచూసి ఈ నిశ్శబ్దం కోసమే వచ్చారు. నాలుగడుగులు దూరంగా కూర్చుంటే ఇద్దరికీ బాగుంటుంది.

అక్టోబరు తరువాత వచ్చేవారికి ఇంకో ఆనందం ఉంది. తుఫాను గాలి వీచిన మర్నాడు నాచు కుప్పల్లో అంబరు (ఎన్నో యుగాల కిందటి చెట్ల జిగురు గట్టిపడినది) ముక్కలు దొరుకుతాయి. అయితే తేనె రంగులో కనిపించిందల్లా అంబరు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలోని బాంబుల నుంచి మిగిలిన తెల్ల భాస్వరం, ముఖ్యంగా ఊసెడోమ్ దీవి వైపు, అచ్చం అలాగే ఉంటుంది. తడి ఆరి వెచ్చబడితే దానంతట అదే మండుతుంది. జేబులో వేసుకుని తొడలు కాల్చుకున్నవారున్నారు. ఏరినది ఏదైనా మూతున్న లోహపు డబ్బాలో వేసి, ఒంటికి దూరంగా పట్టుకోండి. ఆ చలిలో దుకాణంలో వేడి సాండోర్న్ రసం అడగండి. దిబ్బల మీద పెరిగే నారింజ రంగు పండ్ల రసం అది. ఆ పులుపు తాగితే మీకు ఉసిరికాయ గుర్తుకు వస్తుంది.

చివరిగా, ఇది మీకూ మీ పిల్లలకూ. ఈత నేర్చుకోండి. ఇక్కడ పిల్లలకు జేఫెర్డ్‌షెన్ అనే తొలి బిళ్ల ఇస్తారు. నీళ్లలోకి దూకి 25 మీటర్లు ఈదాలి, భుజాల లోతు నీటి అడుగు నుంచి ఒక వస్తువు తీయాలి. అంతవరకే వస్తే సముద్రంలో ఒంటరిగా వదలకూడదు. కాంస్య బిళ్ల వచ్చేదాకా మీ కళ్లు పిల్ల మీదే ఉండాలి. పెద్దలకు కూడా పురపాలక ఈత కొలనుల్లో తరగతులుంటాయి. నేను ముప్పై నాలుగేళ్ల వయసులో నేర్చుకున్నాను, నా పక్కన అరవై దాటినవారు కూడా ఉన్నారు. తరగతులు త్వరగా నిండిపోతాయి. అమ్మానాన్నల విమానం టికెట్లు కొన్న రోజే మీ పేరు కూడా నమోదు చేయించుకోండి.